అత్తయ్య ఫ్లాట్ బిల్లులు: ప్రొబేట్ వచ్చేలోపు ఎవరు కట్టాలి?

బెజవాడ పంతులమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఉండేది విజయవాడలో. చెన్నైలో ఇలాంటి వ్యవహారం నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి దారి చెప్పండి.

మా మేనత్త 2025 మార్చి 20న చెన్నైలో పోయారు. పిల్లల్లేరు. మామయ్య అంతకుముందే పోయారు. పశ్చిమ మాంబళంలో రెండు పడగ్గదుల ఫ్లాటు, టెలిఫోను శాఖలో ఉద్యోగం చేసి దాచుకున్న డిపాజిట్లు, ఒక సేవింగ్స్ ఖాతా, ఇదీ ఆవిడ ఆస్తి. వీలునామా రిజిస్టరు చేయించి పెట్టారు. ఫ్లాటు మా పెదనాన్నగారి అబ్బాయికి, అంటే నాకు అన్నయ్యకు. ఏళ్ల తరబడి వండిపెట్టి, చివర్లో పక్కమీద ఉన్నప్పుడు ఒళ్లు తుడిచి, జావ తాగించిన ఆవిడకు 2 లక్షలు. మిగిలిన డబ్బు మేనకోడళ్లం ముగ్గురికి సమానంగా. నేను, మా చెల్లెలు, అన్నయ్య సొంత చెల్లెలు. ఎగ్జిక్యూటర్‌గా, అంటే వీలునామాను అమలుచేసే బాధ్యురాలిగా నా పేరు రాశారు. నన్ను అడిగే రాశారు, నేనూ సరేనన్నాను.

ఆగస్టులో మద్రాసు హైకోర్టులో ప్రొబేట్‌కు, అంటే వీలునామా సరైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణకు దరఖాస్తు వేశాం. అది ఇంకా నడుస్తోంది. ఈలోగా బిల్లులు ఆగవు కదా. ఫ్లాట్ల సంఘం వాళ్లు నా పేరున రిజిస్టరు పోస్టులో నోటీసు పంపారు. నెలకు 3,200 చొప్పున జనవరి నుంచి నిర్వహణ రుసుము బాకీ. అత్తయ్య ఆసుపత్రిలో ఉన్న రోజులవీ, ఆ తర్వాతవీ అన్నీ కలిపి 41,600 అట. పాత లిఫ్టు తీసేసి కొత్తది పెట్టాలని ఆవిడ పోయాక తీర్మానం చేసుకున్నారు. దానికి ఫ్లాటుకు 60,000. ఎగ్జిక్యూటర్ స్వయంగా చెల్లించవలెను అని ఆ కాగితంలో గీత గీసి మరీ రాశారు. అక్టోబరు నుంచి ఈ అర్ధ సంవత్సరం ఆస్తిపన్ను, నీటిపన్ను కట్టలేదు. కరెంటు బిల్లు రెండు నెలలకు 6,800 వచ్చింది. ఎందుకంటే మే నెల నుంచి అన్నయ్య కుటుంబంతో ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. రెండు ఏసీలు నడుస్తున్నాయి.

బిల్లుల మాట ఎత్తితే అన్నయ్య ఒకటే అంటాడు. “ఎగ్జిక్యూటర్‌వి నువ్వు. ఇల్లు ఇంకా నా పేరు మీదకు రాలేదు. వచ్చాక చూద్దాం.” కింద కారు పెట్టుకునే జాగా ఒక డాక్టరుగారికి అద్దెకిచ్చి నెలకు 2,500 మాత్రం తీసుకుంటున్నాడు. పైగా వంటగదిలో కొత్త అల్మరాలు పెట్టించాలని 1,80,000కు కొటేషన్ తెప్పించి నాకు పంపాడు. ఇంటి విలువ పెంచే ఖర్చు గనుక అత్తయ్య డబ్బులోంచి ఇవ్వవచ్చు కదా అంటాడు.

ఆసుపత్రి బిల్లు, కర్మల ఖర్చు నా పెన్షన్ డబ్బుతోనే పెట్టాను. దానికి నాకు బాధ లేదు. ఆవిడ నన్ను చదివించారు. నన్ను బాధిస్తున్నది వంటావిడ సంగతి. జనవరి 20 నుంచి అత్తయ్య పోయేదాకా రెండు నెలల జీతం, నెలకు 9,000 చొప్పున, ఆవిడకు అందలేదు. అత్తయ్యే ప్రతి నెలా బ్యాంకు నుంచి తెప్పించి ఇచ్చేవారు. ఐసీయూలో ఉన్నప్పుడు ఎవరికీ ఆ ధ్యాసే లేదు. అత్తయ్య పోయాక కూడా అన్నయ్య వచ్చేదాకా రోజూ వచ్చి ఇల్లు తుడిచి, మోటారు వేసి, తాళం వేసుకుని వెళ్లింది. నోరు తెరిచి ఒక్కసారి అడగలేదు. వేరే ఇంట్లో పనికి కుదిరింది. సంఘం వాళ్లు నోటీసులు పంపుతున్నారు, అన్నయ్య కొటేషన్లు పంపుతున్నాడు. ఏమీ పంపనిది ఆవిడ ఒక్కతే.

సేవింగ్స్ ఖాతాకు నామినీ లేదు. ప్రొబేట్ తెస్తేనే డబ్బు ఇస్తామని బ్యాంకువాళ్లు చెప్పారు. డిసెంబరులో చట్టం మారిందని, ఇక ప్రొబేటే అక్కర్లేదని ఎవరో అన్నారు. నిజమేనా? నిజమైతే నేను చేయాల్సింది ఏమిటి? ఈ బిల్లుల్లో ఏది ఎవరిది?

కూకట్‌పల్లి కార్యదర్శి

అమ్మా, నేను మా అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శిగా చేస్తున్నాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. ఇంటి యజమాని పోయినప్పుడు మాకు ఎవరిని అడగాలో తెలియదు. తెలిసిన పేరు మీద నోటీసు పంపేస్తాం. అది చూసి మీరు బెదరకండి, అలాగని జవాబివ్వకుండా ఊరుకోకండి. వీలునామా నకలు, మరణ ధ్రువపత్రం జతచేసి, ప్రొబేట్ కేసు నంబరు వేసి ఒక ఉత్తరం రాయండి. బాకీని రెండు పట్టీలుగా విడగొట్టి పంపమనండి, మార్చి 20 దాకా ఒకటి, ఆ తర్వాతది ఒకటి. లిఫ్టు తీర్మానం నకలు కూడా అడగండి. ఏ తేదీన సమావేశం జరిగిందో, ఆ ఫ్లాటు తరఫున ఎవరు సంతకం పెట్టారో చూడండి. మీ అన్నయ్యగారే కూర్చుని చేయి ఎత్తి ఉంటే సగం తగువు అక్కడే తేలుతుంది.

మాంబళం వకీలు

నమస్కారం. మద్రాసు హైకోర్టులో చాలాకాలంగా వీలునామా కేసులు చేస్తున్నాను. మీ కాగితాలు నేను చూడలేదు, చివరి మాట మీ వకీలుదే. కానీ మీరు చెప్పినదాంట్లో దారి స్పష్టంగానే ఉంది.

ముందు చట్టం సంగతి. అవును, మారింది. చెన్నై, ముంబై నగరాల్లో, ఒకప్పటి బెంగాల్ ప్రాంతంలో హిందువుల వీలునామాకు ప్రొబేట్ లేకుండా కోర్టులో హక్కు నిరూపించుకోవడానికి వీల్లేదని 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 213వ సెక్షన్ చెప్పేది. ఆంధ్ర, తెలంగాణల్లో ఆస్తులున్నవాళ్లకు ఈ బాధ సాధారణంగా లేదు, అందుకే మనవాళ్లకు ఇది కొత్తగా అనిపిస్తుంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ సెక్షన్‌ను తీసేసింది. అయినా ఇప్పటికే వేసిన దరఖాస్తును తొందరపడి వెనక్కి తీసుకోకండి. బ్యాంకు అడుగుతోంది, అన్నయ్యగారితో పేచీ ఉంది. కోర్టు ముద్ర ఉన్న కాగితం మీకే రక్ష. పోయింది 213 మాత్రమే. ఎగ్జిక్యూటర్ బాధ్యతలు చెప్పే సెక్షన్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఎగ్జిక్యూటర్‌కు అధికారం వచ్చేది వీలునామా నుంచి, ప్రొబేట్ నుంచి కాదు. 211వ సెక్షన్ ప్రకారం మీ అత్తయ్యగారి ఆస్తి ఆవిడ పోయిన క్షణం నుంచి ప్రతినిధిగా మీ చేతిలో ఉన్నట్టే. ప్రొబేట్ వచ్చాక ఈ మధ్యకాలంలో ఎగ్జిక్యూటర్ హోదాలో చేసిన పనులన్నీ 227 కింద చెల్లుతాయి. అంటే కోర్టు తేల్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పనిలేదు, కూర్చోకూడదు కూడా. మీ నిర్లక్ష్యం వల్ల ఆస్తికి నష్టం వస్తే 368 కింద ఆ నష్టం మీరు పూడ్చాలి. ఆధారంలేని బాకీని ఆస్తిలోంచి తీర్చేసినా అంతే. కట్టాల్సింది కట్టకపోవడమే కాదు, కట్టకూడనిది కట్టడమూ తప్పే. ఆ సెక్షన్ కింద ఇచ్చిన మొదటి ఉదాహరణే అది.

మీ సొంత జేబు సంగతి. ఆవిడ బాకీలకు మీరు బాధ్యులు ఆవిడ ఆస్తి మేరకే. కోర్టు డిక్రీ ఇచ్చినా సివిల్ ప్రొసీజర్ కోడ్ 52వ సెక్షన్ ప్రకారం వసూలయ్యేది మృతురాలి ఆస్తి నుంచే. మీ చేతికొచ్చిన ఆస్తికి లెక్క చెప్పలేకపోతే మాత్రం ఆ మేరకు మీ మీదకు వస్తుంది. “స్వయంగా” అన్న మాట సంఘం వాళ్లు సొంతంగా రాసుకున్నది. ఒక జాగ్రత్త, ఏ పనివాడితోనూ మీ పేరున కొత్త ఒప్పందం రాసుకోకండి. అలా రాసుకుంటే అతనికి ముందు జవాబుదారీ మీరే, తర్వాత ఆస్తి నుంచి రాబట్టుకోవాలి.

ఇక అసలు ప్రశ్న, ఏది ఎవరిది. ఫ్లాటు అమ్మి పంచమని రాసి ఉంటే జవాబు వేరు. మీ విషయంలో ఫలానా ఫ్లాటు ఫలానావారికి అని విడిగా రాశారు. అలాంటప్పుడు 169వ సెక్షన్ చూడాలి. స్థిరాస్తి మీద ఏటేటా కట్టాల్సిన శిస్తు, అద్దె లాంటివి ఉంటే, రాసినవారు పోయిన రోజు వరకే వారి మిగతా ఆస్తి భరించాలి. చట్టంలో ఇచ్చిన ఉదాహరణ చక్కగా ఉంటుంది. ఏడాదికి 365 రూపాయల అద్దె ఉన్న ఇల్లు, అద్దె ఎప్పటిలాగే కట్టి 25 రోజులకు మనిషి పోయాడు. ఆయన ఆస్తిలోంచి ఇవ్వాల్సింది 25 రూపాయలు. రోజుకు రూపాయి లెక్క. లెక్కల పంతులమ్మగారికి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఆ సెక్షన్‌లో ఆస్తిపన్ను, సంఘం రుసుము అని పేరుపెట్టి లేదు. కానీ న్యాయం అదే. పైగా 349 ఉంది. విడిగా రాసిచ్చిన ఆస్తి మీద, రాసినవారు పోయిన రోజు నుంచి, ఖర్చులు పోను మిగిలిన ఆదాయం దాన్ని పొందేవారిదే. కారు జాగా అద్దె అన్నయ్యగారిదే, కాదనలేం. అయితే ఖర్చులు పోనే. అద్దె నాది, పన్ను అత్తయ్యది అనడం కుదరదు.

కాబట్టి మీ అంకెలు ఇలా వస్తాయి. జనవరి, ఫిబ్రవరి రుసుము 6,400, మార్చిలో 20 రోజుల వంతు సుమారు 2,065, ఇవి అత్తయ్యగారి బాకీ. మిగిలిన 33,135, ఇప్పటి ఆస్తిపన్ను, నీటిపన్ను ఫ్లాటుతో పాటు అన్నయ్యగారి మీదకు వెళ్లేవి. కరెంటు వాడుకున్నవారిది, దాని గురించి చర్చే అనవసరం. లిఫ్టు ఆవిడ పోయాక చేసిన తీర్మానం, దాని సుఖం అనుభవించేది ఫ్లాటు పొందేవారు. వంటగది అల్మరాల మాట అసలు వినకండి. ఆస్తిని కాపాడే ఖర్చు మీరు పెట్టవచ్చు, మెరుగులు దిద్దే ఖర్చుకు హైకోర్టు అనుమతి కావాలి. 308వ సెక్షన్ రెంటినీ విడదీసి చెబుతుంది.

అన్నయ్యగారు కట్టకపోతే? పన్ను మాత్రం ఆగనివ్వకండి. చెన్నైలో అర్ధ సంవత్సరం మొదటి నెలలో కడితే 5 శాతం తగ్గింపు ఉంటుంది, 5,000 మించకుండా. ఆలస్యమైతే నెలకు 1 శాతం పడుతుంది. ఆస్తి డబ్బులోంచి కట్టి, ఆయన ఖాతాలో బాకీగా రాయండి. ఆపైన మీ చేతిలో 332 ఉంది. ఎగ్జిక్యూటర్ సమ్మతి లేనిదే వీలునామా కింద పొందేవారి హక్కు పూర్తికాదు. ఆ సమ్మతిని షరతు మీద ఇవ్వవచ్చని 334 చెబుతోంది. 10,000 తాకట్టు ఉన్న భూమిని ఒకరికి రాశారు, ఫలానా గడువులోగా తాకట్టు తీరిస్తేనే అని ఎగ్జిక్యూటర్ షరతు పెట్టాడు, అతను తీర్చలేదు. సమ్మతి ఇవ్వనట్టే. ఇదీ చట్టంలోని ఉదాహరణే. ఆయన ఆ ఇంట్లో ఉంటున్నది మీరు సమ్మతించినందువల్ల కాదని ఇవాళే కాగితం మీద రాసి పంపండి. ఊరుకుంటే సమ్మతించినట్టే అని రేపు అంటారు.

అన్నయ్య లాంటివాడు

చదివితే కష్టంగా ఉంది. ఒక ఇంట్లో పుట్టినవాళ్ల మధ్య సెక్షన్లు ఎందుకండీ? మొత్తం కలిపితే లక్షన్నర లోపే. అత్తయ్యగారి డిపాజిట్లోంచి కట్టేసి, మిగిలింది పంచుకుంటే అందరూ మళ్లీ పెళ్లిళ్లకు కలుసుకుంటారు. మా ఇంట్లో 30,000 దగ్గర మొదలైన మాట ఇద్దరు అన్నదమ్ములను విడదీసింది. మా అమ్మ పోయేనాటికి కూడా వాళ్లు మాట్లాడుకోలేదు.

బెజవాడ పంతులమ్మ

మీ బాధ అర్థమైంది. అన్నయ్యతో మాట తెగిపోవాలని నాకూ లేదు. చిన్నప్పుడు సెలవులకు మద్రాసు వెళ్తే రైలు స్టేషన్‌కు వచ్చి పెట్టె మోసింది ఆయనే. కానీ ఆ డిపాజిట్ నా ఒక్కదానిదైతే మీరు చెప్పినట్టే చేసేదాన్ని. అందులో మా చెల్లెలి వాటా ఉంది. అన్నయ్య సొంత చెల్లెలి వాటా ఉంది. ఆమె భర్త పోయి, కుట్టుపని చేసుకుంటూ ఇద్దరు పిల్లలను చదివిస్తోంది. వాళ్ల డబ్బుతో నేను ఔదార్యం చూపించే హక్కు నాకు అత్తయ్య ఇవ్వలేదు. ఎవరిది వారికి చేరుస్తానన్న నమ్మకంతోనే నా పేరు రాశారు.

వకీలుగారూ, రోజుకు రూపాయి ఉదాహరణ చదివాక మబ్బు విడిపోయినట్టయింది. మార్చి 20 దగ్గర గీత గీసి రెండు పేజీల లెక్క రాశాను. వంటావిడ సంగతి మీరు చెప్పలేదు. డిపాజిట్ల విషయం కూడా ఒకటి చెప్పాలి. వేరే బ్యాంకులో 11 లక్షల ఫిక్సెడ్ డిపాజిట్ ఉంది, దానికి మా చెల్లెలు నామినీ. నామినీ పేరున్నవాళ్లదే ఆ డబ్బు అని బంధువులు దాని చెవిలో వేస్తున్నారు.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

డిపాజిట్ మాట నేను చెబుతాను తల్లీ, కౌంటరులో నా ఉద్యోగమంతా ఇదే. నామినీ ఉన్న డిపాజిట్‌కు బ్యాంకు ప్రొబేట్ అడగనక్కర్లేదు. రిజర్వు బ్యాంకు ఈ విషయం 2005లోనే స్పష్టంగా చెప్పింది. మరణ ధ్రువపత్రం, గుర్తింపు కార్డు, క్లెయిము ఫారం, డిపాజిట్ రసీదు తీసుకుని మీ చెల్లెలు వెళ్తే చాలు. అయితే నామినీ అంటే డబ్బు అందుకునే చేయి, సొంతదారు కాదు. బ్యాంకు ఖాతాల విషయంలో సుప్రీంకోర్టు 2010లో రామచందర్ తల్వార్ కేసులో ఈ మాట తేల్చింది. ఆ డబ్బు వీలునామా ప్రకారమే పోవాలి.

మీరు ఇన్నాళ్లూ తాళం పడింది అనుకుంటున్న పెట్టెకు తాళంచెవి మీ చెల్లెలి దగ్గరే ఉంది. ఆమె తీసుకున్నాక ఆ మొత్తాన్ని ఈ వ్యవహారానికే వాడే ప్రత్యేక ఖాతాలో వేయించండి. మీ పెన్షన్ ఖాతాలో ఒక్కరోజు కూడా కలపకండి. దానిమీద వచ్చే వడ్డీకి మీ సొంత ఆదాయంతో కలపకుండా, ఎగ్జిక్యూటర్ హోదాలో వేరుగా ఆదాయపు పన్ను రిటర్ను వేయాలి. ఆడిటరుకు ముందే చెప్పండి.

మాంబళం వకీలు

బ్యాంకువారు చెప్పింది అక్షరాలా నిజం. డబ్బు చేతికొచ్చాక వరుస ఇది. మీరు పెట్టిన కర్మల ఖర్చు, అత్తయ్యగారి స్థాయికి తగినంత మేర, అవసాన కాలపు వైద్యం ఖర్చు మొదట, 320 కింద. మీ పెన్షన్ డబ్బు మీకు తిరిగి తీసుకోవడంలో మొహమాటం వద్దు, ఆసుపత్రి రసీదులు జతచేయండి. తర్వాత కోర్టు ఖర్చులు. ఆ వెంటనే వంటావిడ. 322వ సెక్షన్ ఆవిడ కోసమే ఉన్నట్టుంటుంది. మరణానికి ముందు మూడు నెలల్లో చేసిన పనికి కూలివారికి, ఇంటి పనివారికి రావాల్సిన జీతం మిగతా అప్పులన్నిటికంటే ముందు తీర్చాలి. ఆవిడ రెండు నెలలూ ఆ మూడు నెలల లోపలివే. సంఘం వారి 8,465 వరుసలో ఆవిడ వెనకే వస్తుంది, ఎంత పెద్ద నోటీసు పంపినా.

అత్తయ్యగారు పోయాక మే దాకా ఇల్లు చూసినదానికి ఇచ్చేది ఆ కోవలోకి రాదు. అది ఆస్తిని కాపాడిన ఖర్చు, 308 కింద న్యాయమైన మొత్తం ఇవ్వవచ్చు. ఫ్లాటు కోసం అయిన ఖర్చు గనుక దాన్నీ అన్నయ్యగారి పద్దులోనే చూపండి, ఆయన అభ్యంతరం చెబితే కోర్టు తేలుస్తుంది. 2 లక్షలు మాత్రం వీలునామా కింద వచ్చేది. అప్పులు తీరాకే ఇవ్వాలి, అత్తయ్యగారు పోయిన నాటి నుంచి ఏడాది లోపు ఇచ్చితీరాలన్న నిర్బంధం లేదు. ఏడాది దాటితే వడ్డీ నడవడం మొదలవుతుంది, మార్చి దగ్గర్లోనే ఉంది. ఒకవేళ డబ్బు చాలకపోతే ముందు కోతపడేది మీ ముగ్గురి మిగులు వాటాకు, ఆవిడ 2 లక్షలకు కాదు.

బెజవాడ పంతులమ్మ

చెల్లెలితో మాట్లాడాను. బంధువులు ఏమన్నా అనుకోనీ, సోమవారం బ్యాంకుకు వెళ్తానంది. సంఘానికి ఉత్తరం రాశాను, రెండు పట్టీలు అడిగాను. కార్యదర్శిగారు అనుమానించినట్టే లిఫ్టు తీర్మానం కింద అన్నయ్య సంతకం ఉందట, ఫోనులో చెప్పారు.

అన్నయ్యకు ఉత్తరం రాయడానికే చాలాసేపు పట్టింది. సెక్షన్లు కిందికి నెట్టి పైన ఇలా రాశాను: “అన్నయ్యా, ఫ్లాటు నీదే, అందులో నాకు రెండో మాట లేదు. మార్చి 20 దాకా అత్తయ్య బాకీ అత్తయ్య డబ్బుతో తీరుస్తాను. ఆ తర్వాతిది నీది. కారు జాగా అద్దె నీవే ఉంచుకో, పన్నులు దాంట్లోంచే కట్టు. ఇవి తీర్చిన రసీదులు చూపిన రోజున నా సమ్మతి పత్రం నీ చేతికిస్తాను. అప్పటిదాకా నువ్వు ఆ ఇంట్లో ఉండటం నా సమ్మతిగా లెక్కకు రాదు. వంటగది పని ఇల్లు నీ పేరు మీదకు వచ్చాక నీ ఇష్టం.” కింద అంకెల పేజీ జతచేశాను. చదివి ఫోను చేశాడు. కోపంగానే ఉన్నాడు, కానీ కరెంటు బిల్లు ఆ సాయంత్రమే కట్టాడు.

వంటావిడకు 18,000, ఇల్లు చూసినందుకు మరికొంత, నేనే చెన్నై వెళ్లి ఇస్తాను. రసీదు ఎలా రాయించాలి?

మాంబళం వకీలు

రెండు రసీదులు విడివిడిగా రాయించండి. ఒకటి జనవరి 20 నుంచి మార్చి 20 వరకు అత్తయ్యగారికి చేసిన పనికి జీతం అని, రెండోది ఆ తర్వాత ఇల్లు కాపాడినందుకు అని. తమిళంలో రాయించి, ఆవిడకు చదివి వినిపించి సంతకం తీసుకోండి. ఈ మొత్తానికీ వీలునామాలోని 2 లక్షలకూ సంబంధం లేదని ఒక వాక్యం రెంటిలోనూ ఉండాలి, లేకపోతే రేపు ఎవరైనా అందులోంచి కోయాలంటారు. ప్రొబేట్ మంజూరైన 6 నెలల్లో ఆస్తి పట్టిక, ఏడాదిలో జమాఖర్చులు కోర్టుకు ఇవ్వాలి గనుక అసలు రసీదులు మీ దగ్గర ఉంచుకుని, నకళ్లు మీ వకీలుకు పంపండి.